ఒక రౌండు

తొంభై మూడో లింకుకు పిన్ను దూర్చి, అలిమేలమ్మ చైనును ఒక కొస పట్టుకుని పైకెత్తింది. లింకులన్నీ తమంతట తాము ఒంగి వేలాడాయి. ఒకటి మాత్రం బిర్రబిగుసుకుని నిలబడింది. దాని పిన్నును అవతలి వైపు నుంచి సుత్తితో రెండు దెబ్బలు వేసి, మళ్ళీ ఎత్తి చూసింది. ఈసారి ఒంగింది. ఇంకా మూడు లింకులు కూరిస్తే పని అయిపోతుంది.

తిరువళ్ళూరు చివర రాజమాణిక్యం లేత్ షెడ్డు అది. పద్నాలుగు నెలలుగా అక్కడ తయారవుతున్నది ఒక యుద్ధ ట్యాంకు. బొమ్మే గానీ మంచమంత పొడుగు, ఒళ్ళంతా ఇనుము, రిమోటుతో నడుస్తుంది. మద్రాసులో ఉండే ఆనంద్‌రాజ్ అనే పెద్దమనిషి ముచ్చటపడి చేయించుకుంటున్నాడు. ఆడుకునే వయసు దాటి ముప్పయ్యేళ్ళయిందాయనకు. ఉన్నవాడి ఆటకు వయసేమిటి లెండి. రెండు పక్కలా రెండు చైన్లు, ఒక్కోదానికి తొంభై ఆరు లింకులు. ప్రతి లింకునూ ఆకురాయితో రాసి నునుపు చేసింది అలిమేలమ్మ, పిన్నులు కూర్చిందీ ఆమే. పిన్ను బిగువైతే చైను తిరగదు, వదులైతే ఊడిపోతుంది. ఆ మధ్యరకం ఆమె చేతికే వచ్చింది.

రాక ఏం చేస్తుంది? పొదటూరుపేట సాలెవాళ్ళ ఇంట్లో పుట్టి, ఇరవై ఏళ్ళు పాత పడుగుకు కొత్త పోగులు అతికిన చెయ్యి. తర్వాత మొగుడు చెంగల్రాయుడు పోయాడు, మగ్గం పోయింది, ఆమె మిగిలింది. అప్పటి నుంచి పొద్దున్నే బస్సులో తిరుత్తణికి, అక్కణ్ణుంచి రైల్లో తిరువళ్ళూరుకు పదహారేళ్ళుగా తిరుగుతోంది. ఇంతకు మించి ఆమె గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఏం పని చేస్తున్నావని ఊళ్ళో అడిగితే ట్యాంకు అని చెప్పింది. నీళ్ళ ట్యాంకు అనుకున్నారు. ఆమె దిద్దలేదు.

దిద్దితే అసలు సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది, అదేమో సిగ్గు. మొదటి చైను పూర్తయిన రోజు రాజమాణిక్యం సంతోషం పట్టలేక, "పనంతా అయినాక ఒక రౌండు నువ్వే తోలాల అక్కా," అనేశాడు. అతను నవ్వుతూ అన్నాడు గానీ ఆమె నవ్వుతూ వినలేదు. యాభై నాలుగేళ్ళలో ఆమె సైకిలు కూడా తోలింది లేదు. ఎవరో తోలే వాటిలో ఎక్కడం, వాళ్ళు ఆపిన చోట దిగడం. ఆ ఒక్క రౌండు కోసం ఏడాదిగా కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. ఎప్పుడు గుర్తు చేసినా అతను అప్పురం అనేవాడు. ఆ పక్క తెలుగువాళ్ళు తర్వాత అనరు, అరవంలో అప్పురం అంటారు. అతను మోటార్లు పరీక్షించేటప్పుడు ఆమె మాత్రం కూర్చున్న చోటి నుంచే చూసి అంతా నేర్చుకుంది. రిమోటు మీద నల్ల బటను నొక్కితే పచ్చ దీపం వెలుగుతుంది. ఎడమ పుల్లను ముందుకు తోస్తే బండి ముందుకు పోతుంది.

మిగిలిన మూడు లింకులూ కూర్చి, చైను బండికి ఎక్కించారు. పది గంటలకు ఆనంద్‌రాజ్ భార్య నివేదతో సహా దిగాడు, పూలదండలు, పళ్ళెం, కర్పూరంతో. కొత్త బండికి పూజ చెయ్యందే కదిలించకూడదని ఆయన పట్టు. ఫిరంగి గొట్టానికి దండ వేశారు. ఇక చైన్ల కింద నిమ్మకాయలు పెట్టాలి. అలిమేలమ్మ తన చైనే కదా అని పళ్ళెంలోంచి రెండు కాయలు తీసుకుని ఒంగింది.

నివేద అలిమేలమ్మ బోసి నుదుటి వైపు చూసి, తర్వాత మొగుడి వైపు చూసింది. మొగుడు రాజమాణిక్యం వైపు చూశాడు. రాజమాణిక్యం నేల చూశాడు.

"అక్కా, నువ్వు కొంచెం లోపలుండు," అన్నాడు.

ఆమె చేతిలోని రెండు కాయలూ తీసి పక్కన పారేసి, వేరే రెండు పెట్టారు.

లోపల కిటికీ ఊచల వెనక నిలబడి చూసింది. ట్యాంకు గర్రుమంటూ కదిలి నిమ్మకాయలను చితక్కొట్టింది. చైన్లు నీళ్ళలా తిరిగాయి, ఒక్క పిన్నూ బిగుసుకోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆనంద్‌రాజ్ రెండు రౌండ్లు తోలాడు. నివేద ఒకటి తోలింది. కారు డ్రైవరు తోలాడు. టీ తెచ్చిన పళని కూడా, తోలతావా అంటే, గ్లాసులు కింద పెట్టి ఒక రౌండు తోలాడు.

అప్పుడు ఆమెను పిలిచారు. నిమ్మతొక్కలు, గింజలు లింకుల మధ్య ఇరుక్కున్నాయట, పులుపుకు ఇనుము తుప్పు పడుతుందట, తీసెయ్యమన్నారు. ఆమె బోర్లా పడుకుని చైను కిందికి తల దూర్చి గింజలు ఏరసాగింది. పైన రాజమాణిక్యం మూత ఎత్తి, బ్యాటరీ స్విచ్చి ఆపేశాడు. పొరపాటున బండి కదిలితే ఆమె వేళ్ళు పోతాయని. ఆ మాట ఆమెతో చెబుదామనుకున్నాడు గానీ ముఖం చెల్లలేదు. చేసింది మంచికే. తర్వాత అందరూ భోజనానికి హోటలుకు పోయారు.

గింజలన్నీ ఏరి లేచేసరికి పీపా మీద రిమోటు కనిపించింది. చుట్టూ ఎవరూ లేరు. అలిమేలమ్మ చేతులు సబ్బుపొడితో రెండుసార్లు కడుక్కుని, చీరకు తుడుచుకుంది. నల్ల బటను నొక్కింది. పచ్చ దీపం వెలిగింది. ఎడమ పుల్లను ముందుకు తోసింది.

ట్యాంకు కదల్లేదు.

మెల్లగా తోసింది. గట్టిగా తోసింది. దగ్గరికి పోయి, చైనుకు ఎదురుగా నిలబడి తోసింది. స్విచ్చి సంగతి ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలిసిందల్లా పళని చేతికి కదిలిన బండి తన చేతికి కదల్లేదని. పొద్దున్నుంచి నివేద మీద ఆమెకు మండుతూనే ఉంది. ఇప్పుడు ఆ మంట చల్లారిపోయింది. ఆ పిల్ల చూసిన చూపులో తప్పేముంది, ఉన్నదే చూసింది అనుకుంది. బటను నొక్కి దీపం ఆర్పి, రిమోటును ఎక్కడిది అక్కడే పెట్టేసింది.

భోజనాలయి వచ్చాక, ట్యాంకును పలకల మీదుగా వ్యానులోకి ఎక్కించేటప్పుడు రాజమాణిక్యం మూత ఎత్తి స్విచ్చి వేశాడు. అది ఒక్క ఊపున ఎక్కింది. ఆమె లోపల, పక్క షెడ్డు గ్రైండరు రొదలో, అటు వీపు పెట్టి నేల ఊడుస్తోంది.

వాళ్ళు పోయాక అతను వచ్చి, ఆనంద్‌రాజ్ ఇంకో ట్యాంకు చెప్పి పోయాడని, అప్పుడు మొదటి రౌండు ఆమెదేనని అన్నాడు. "ఈసారి సత్యంగా అక్కా."

"నా చేతికి పోదులే నాయనా. ఇనుముకు కూడా తెలస్తాది," అంది.

అక్క పొద్దుటి మాటకు అలిగింది, రేపటికి సర్దుకుంటుందిలే అనుకున్నాడు. కొత్త ట్యాంకుకు మొదటి లింకు బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి చూపించాడు. ఆమె ఒక అంచు రాసి, రైలుకు టైమయిందని ఆకురాయి పక్కన పెట్టి లేచింది.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. తిరువాలంగాడు దాటాక తల ఊచలకు ఆన్చింది. ఎదురు సీటావిడ నిద్రపోయిందనుకుంది. తిరుత్తణిలో అందరూ దిగిపోయారు. పెట్టె ఊడ్చే మనిషి చీపురుతో సీటు కిందికి వచ్చి, కాళ్ళు పైకి పెట్టమ్మా అని రెండుసార్లు చెప్పి, మూడోసారి విసుక్కుంది.

రైల్వే పోలీసులకు ఆమె సంచిలో దొరికింది ఒక్కటే నంబరు, రాజమాణిక్యానిది. అతను వచ్చి గుర్తుపట్టాడు, పొదటూరుపేటకు కబురు పెట్టాడు, దగ్గరుండి అన్నీ జరిపించాడు. ఆమె ఆ ఒక్క రౌండూ తోలలేదని ఎవరెవరికో చెప్పుకుని ఏడ్చాడు కూడా. తోలి చూసిందని అతనికి తెలియదు.

మూడో రోజు షెడ్డు తెరిచేసరికి వైసులో లింకు బిగించినట్టే ఉంది. ఒక అంచు నున్నగా మెరుస్తోంది, మిగతా మూడూ నల్లగా, గరుకుగా ఉన్నాయి.