బుగ్గ లేవని జాడీ

ఈస్టర్‌కు మా మిర్యాలగూడ చర్చిల పంచే ద్రాక్షరసం ఇరవై ఏండ్ల సంది మా అత్తమ్మ సువార్తమ్మ చేతిదే. ఈసారి ఆమె బట్టలుతికే బండ కాడ జారిపడి కుడిచెయ్యి ఇరగ్గొట్టుకున్నది. పట్టీ కట్టించుకొని కోదాడలో బిడ్డ ఇంటికి పోతూ, "మంజులా, ఈయేడు నువ్వే పెట్టాలె" అన్నది.

"నాతోని కాదు అత్తమ్మా. పాడైతే?"

"పాడైతే పాస్టరు అయ్యగారు షాపుల ఎర్ర షర్బత్ తెచ్చి పంచుతడు. నా ఇరవై ఏండ్ల పేరు షర్బత్‌ల కలుస్తది. అంతే."

అంతేనట!

నాకు భయం కొత్తగాదు. మొన్న అక్టోబర్ల మా పందిరి మీది ద్రాక్షతీగను చూపించి, "కొమ్మకు రెండు కండ్లు వదిలి మిగతాదంతా కోసెయ్" అన్నదామె. కండ్లంటే చిగురు పొడిచే చోట్లు. కోసినంక ఒక్క ఆకు లేకుండా బోడిగా నిలబడ్డ తీగను చూసి పూటంతా ఏడ్చిన. రెండు వారాలకు ఆ కండ్లే పగిలి పచ్చగా చిగురేస్తే, పాపను ఎత్తుకొని వాకిట్ల గిరగిరా తిరిగిన.

మా తీగకు కాసింది నాలుగు గుత్తులే. అందుకని సూర్యాపేట మార్కెట్ నుంచి ఐదు కిలోల నల్లద్రాక్ష తెప్పించిన. మూడేండ్ల పిల్ల ఉన్న ఇల్లు మాది, నేను ఏదీ కడగకుండా ముట్టను. ఉప్పునీళ్ళల్ల మూడుసార్లు, పసుపునీళ్ళల్ల ఒకసారి కడిగిన. పండ్ల మీది తెల్లటి పొర పోయి బూటుపాలిష్ పెట్టినట్టు మెరిసినయి. పిసికిన. అయినా మనసాగలే, ఆ రసాన్ని పాప పాలు కాచినట్టు పొంగించిన. చల్లారినంక చక్కెరేసి జాడీల పోసి, మూతికి పాప పుట్టినరోజున మిగిలిన నీలం బుగ్గ, అదే బెలూన్, తొడిగిన. రసం పులుస్తుంటే గాలి పుట్టి బుగ్గ లేస్తదని అత్తమ్మ చెప్పింది.

లేవలే. రెండోరోజు లేవలే. మూడోరోజు పక్కింటి యాదమ్మ తొంగిచూసి, "జాడీకి కుల్లా టోపీ పెట్టినవేందే, జలుబు చేసిందా?" అని నవ్వి పోయింది.

నాలుగోరోజు అత్తమ్మ కోదాడ నుంచి దిగింది. వేలాడుతున్న బుగ్గను చూసి, "ఏం చేసినవ్?" అన్నది. అంతా చెప్పిన. పొంగించిన కాడికి వచ్చేసరికి ఆమె కూలబడి నవ్వుడే నవ్వుడు.

"ఓసి నీ శుభ్రం పాడుగాను! పులియబెట్టేదంతా ఆ తెల్లపొరలనే ఉంటదే! చక్కెరను తినేది అదే, గాలి వదిలేది అదే. సగం కడిగి పారేసినవ్, సగం ఉడకబెట్టి సంపినవ్. ఇగ బుగ్గను ఎవరు లేపాలె, నీ మొగుడా?"

"ఇప్పుడెట్ల అత్తమ్మా?"

ఆమె ఎడమచేత్తో పందిరి చూపించింది. "మన గుత్తులు తెంపు. వాటికి పురుగుమందు కొట్టలే మనం. కడిగినవంటే వీపు పగుల్తది, నాకింకో చెయ్యున్నది."

గుత్తుల మీద దుమ్ము, ఒకదానికి సాలెగూడు. నా చెయ్యి దానంతటదే నల్లా దిక్కు పోయింది.

"ఏయ్!"

సాలెగూడు ఊది, కండ్లు మూసుకొని, కడగకుండానే పిసికి జాడీల వేసిన.

మూడో పొద్దుగాల జాడీ గుడగుడ అన్నది. ఉరికొచ్చి చూస్తే బుగ్గ నిటారుగా నిలబడి, దాని మీది హ్యాపీ బర్త్‌డే అక్షరాలు నన్నే చూస్తున్నయి! పాప చప్పట్లు కొట్టి పాటెత్తుకుంది. అత్తమ్మ పట్టీ చెయ్యి ఊపుకుంట అడుగులేసింది. యాదమ్మ కూర గంటెతోనే ఉరికొచ్చింది. దామరచర్ల ప్లాంట్ల డ్యూటీల ఉన్న మా ఆయన దానియేలుకు ఫోన్ కొట్టి, "లేచింది! బుగ్గ లేచింది!" అని ఒర్రిన.

"గుండె ఆగినంత పనైంది గదనే! బుగ్గకు గింత లొల్లా?"

పది రోజులకు గుడగుడ ఆగింది. తెల్లబట్టల వడగట్టి, మడ్డి అడుక్కు దిగేదాకా మూడు వారాలు ముట్టలే. నేను మాత్రం గంటకోసారి పోయి చూసుకున్న.

ఈస్టర్ నాడు అయ్యగారు గిన్నె పైకెత్తిండు. చర్చంతా నిశ్శబ్దం. మా పాప గొంతు ఖంగుమన్నది: "అమ్మా, మన బుగ్గ ఏదే?"

ముందు వరుసల భుజాలు కదిలినయి. నేను కొంగు నోట్ల కుక్కుకున్న. గిన్నె అత్తమ్మ దాకా వచ్చింది. తాగింది. నేను ఆమె గొంతునే చూస్తున్న. ఆమె కండ్లు మూసుకున్నది, ఎంతకూ తెరవది.

చివరికి, పట్టీ విప్పిన మోచేత్తో నా డొక్కల పొడిచి, చెవుల అన్నది:

"షర్బత్ కాదే!"