ఎర్ర సిరా గుర్తు

పొద్దున్నే ఆస్పత్రి గౌను తొడుక్కుని కూర్చున్న రాజకుమారిని పదకొండు దాటినా ఎవరూ పిలవలేదు. ఆమె తర్వాత చేరినవాళ్లిద్దరు ఆపరేషనై మంచాల మీదకొచ్చేశారు. "నాదెప్పుడమ్మా?" అనడిగితే ఆయా ఫైలు మీది ఎర్ర సిరా గుర్తు చూసి, "నీది ఆఖర్న" అని రెండడుగులు వెనక్కేసింది.

గర్భసంచిలో గడ్డలు. చీపురుపల్లిలో కిరాణా కొట్టు, ఎనిమిది మందికి వంట. రెండేళ్లుగా నెలకి పదిహేను రోజులు రక్తం పోతున్నా, "పెళ్లిళ్ల బేరాలవనీ" అని భర్త రమేష్‌బాబు వాయిదా వేసి, చివరికి విజయనగరం తీసుకొచ్చాడు. నిన్న రక్తం తీశారు. ఎందుకో చెప్పలేదు. ఫలితం కూడా ఆమెకి కాదు, వరండాలో ఆయనకి చెప్పారు. ఆయన తల్లికి చెప్పాడు. సాయంత్రం అత్తగారు పార్వతీదేవి కాఫీ గ్లాసు చేతికివ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టి, "రగతంలో కామెర్ల పురుగున్నాదట. ఎక్కడ అంటించుకున్నావే?" అంది. వార్డంతా ఇటు తిరిగింది.

రాజకుమారి దుప్పటి ముఖం మీదకి లాక్కుని ఇరవై రెండేళ్ల కాపురం మొత్తం వెతుక్కుంది. జ్వరమొచ్చినప్పుడల్లా పొడిపించుకున్న సూదులా? కాన్పులో ఎక్కించిన రక్తమా? ఏ తప్పూ దొరకలేదు. తప్పు చేసిన సిగ్గు మాత్రం పోలేదు.

ఇవాళ ఆయా వెళ్లాక, భర్తా అత్తా పక్కనుండగానే, నర్సు సింధూరి వచ్చి మంచం మీదే కూర్చుంది. "ఆపరేషనుకి ముందు మా జాగ్రత్త కోసం ఈ పరీక్ష చేస్తామమ్మా. మీకు చెప్పడమే మరిచిపోతాం. ఈ హెపటైటిస్-బి గ్లాసులతో అంటదు. రక్తంతోనో, మొగుడూపెళ్లాల మధ్యనో వస్తాది. లేనివాళ్లకి టీకా ఉంది. సార్, మీరూ ఈ పరీక్ష చేయించుకోవాలి."

"నాకెందుకు? ఎప్పుడో హుద్‌హుద్ తుఫాను ముందు హెర్నియా ఆపరేషనప్పుడే చేశారు కదా" అన్నాడు రమేష్‌బాబు.

"ఏటొచ్చింది?" అంది రాజకుమారి.

ఆయన నేలకేసి చూశాడు. "ఉందన్నారు. నీకు సెప్పి కంగారుపెట్టడమెందుకనీ..."

"ఒరే, మెల్లగా. జనాలింటారు" అంది పార్వతీదేవి. ఎక్కడ అంటించుకున్నావని కొడుకుని అడగలేదు.

అప్పుడు కూడా రాజకుమారి మొదట పక్క మంచం వైపే చూసింది, ఎవరైనా విన్నారేమోనని. ఆయన పరువు తను కాపాడబోయినందుకు, అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది. ఆనాడే చెప్పుంటే తనకీ పరీక్ష చేసేవారు. అప్పటికి తనకి అంటకపోయుంటే టీకా వేసేవారు.

సంతకం కోసం కాగితాలొచ్చాయి. అలవాటుగా రమేష్‌బాబు చెయ్యి చాచాడు. రాజకుమారి వాటిని తనవైపు లాక్కుంది.

"ముందు నా రిపోర్టు సదివి సెప్పమ్మా" అంది నర్సుతో. "గట్టిగానే సదువు."