బలం దాణా

నీళ్ళు చిలకరించి కలుపుతుంటే దాణాలోంచి ఎండుచేపల వాసన లేచింది. లింగవ్వ తట్ట అడుగుదాకా వేళ్ళు పోనిచ్చి, ఉండకట్టిన చోటల్లా చిదిమి పొడిపొడిగా చేసింది. మరీ తడిస్తే కోళ్ళ ముక్కులకు అతుక్కుంటుంది. మరీ పొడిగా ఉంటే సగం గాలికి పోతుంది. గూటి పలక తీయగానే కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆమె కాళ్ళ మీదుగానే బయటికి ఉరికాయి. ఎర్రపుంజు మాత్రం దొరలా వెనక వచ్చింది. పెట్టలను పొడిచి పక్కకు జరిపి, తట్ట మధ్యలో నిలబడింది.

"తిను తిను. నీ కోసమే పుట్టింది ఈ దాణ," అంది లింగవ్వ.

అప్పుడే తెల్లవారుతోంది. బొగ్గుగని కాలనీలో క్వార్టర్ల వెనక వాకిళ్ళలో బొగ్గుపొయ్యిల పొగ నేలను పట్టుకుని ఉంది. మొదటి షిఫ్టు వాళ్ళ బండ్లు వెళ్ళిపోయాయి. వాటితోపాటే ఆమె మరిది పోశం కూడా డ్యూటీకి పోయాడు. దీపావళి దాటాక ఒకరోజు పోశమే గోదావరిఖని చౌరస్తాలోని దుకాణం నుంచి ఈ దాణా బస్తా తెచ్చి దించాడు. బస్తా మీద రొమ్ము విరుచుకున్న కోడిబొమ్మ ఉంది.

"వదినె, ఇది బాయిలర్ కోళ్ళకేసే దాణ. మస్తు ప్రోటీను ఉంటదట. నూకలు, తౌడు బంద్ పెట్టి ఇగ ఇదే వెయ్యి. బలమైతయి," అన్నాడు.

ప్రోటీను అన్న మాట లింగవ్వకు కొత్త. బలం దాణా అని తనే పేరు పెట్టుకుంది.

బలం సంగతి అబద్ధం కాలేదు. చూస్తుండగానే కోళ్ళ ఈకలు నూనె రాసినట్టు నిగనిగలాడాయి. తొడలు దిట్టమయ్యాయి. ఒక్క ఊపులో ప్రహరీ ఎక్కే పెట్టలు ఇప్పుడు గడప ఎక్కడానికే బద్ధకిస్తున్నాయి. గుడ్లు కూడా లావయ్యాయి. వాటిని ఏ పూటకా పూట ఏరి తోడికోడలు జమున చేతికివ్వడం లింగవ్వ పని. పోలీసు ఉద్యోగం కోసం పరుగు నేర్చుకుంటున్న జమున కూతురు సహస్రకు పొద్దున్నే ఉడకబెట్టినవి. డ్యూటీ దిగి వచ్చిన పోశానికి అట్టు. మిగిలినవి పక్క క్వార్టర్ల వాళ్ళు అడిగి తీసుకుపోతారు. లింగవ్వకు పెట్టొద్దని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ఆమె అన్నానికి కూర్చునే వేళకు గిన్నెలో పులుసు మాత్రమే మిగిలేది, అంతే.

మెడ కింద రెండు గుంటలు, మోచేతుల దగ్గర పొడుచుకొచ్చిన ఎముకలు, ముడి వేయడానికి చాలని జుట్టు. అంత బక్క మనిషికి కొన్నాళ్ళుగా పాదాలు మాత్రం ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉండిపోతోంది. నిద్ర లేచేసరికి కళ్ళ కింద నీరు. వంగి లేస్తే ఆయాసం. క్వార్టర్ వెనక గోడకు ఆనించిన రేకుల కొట్టంలో సగం ఆమె మంచానికి, సగం కోళ్ళ గూటికి. అందుకే ఆమె దగ్గు ముందుగా కోళ్ళకే తెలిసేది.

ఆమె పెనిమిటి గట్టయ్య బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కామెర్లు ముదిరి, పిల్లా జెల్లా కలగకుండానే పోయాడు. సర్వీసులో ఉన్నవాడు పోతే వారసులకు నౌకరి వస్తుంది. లింగవ్వకే బాయి మీద పని ఇస్తామన్నారు కూడా. కులపెద్దలు, చుట్టాలు కూర్చున్నారు. "ఆడిదానివి, బాయి మీద ఏం జేస్తవ్? మరిదికియ్యి. సచ్చేదాక నిన్ను సాదుతడు," అన్నారు. అప్పటికి మీసం కూడా సరిగా రాని పోశం ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఆమె వేలిముద్ర వేసింది.

పోశం మాట తప్పాడని అనడానికి లేదు. సాదాడు. అత్త మంచం పడితే ఎత్తిపోసింది లింగవ్వ. సహస్ర పుడితే పురుటి నీళ్ళు కాచింది లింగవ్వ. బోళ్ళు, బట్టలు, నీళ్ళు, కోళ్ళు. ఇన్నేళ్ళ చాకిరీకి ఎవరూ పేరు పెట్టలేదు, ఆమె కూడా పెట్టలేదు.

సహస్ర గ్రౌండ్ నుంచి చెమటతో వచ్చి, బూట్లు విప్పడానికి వెనక మెట్టు మీద కూర్చుంది. తట్ట కడుగుతున్న పెద్దమ్మ కాళ్ళు అప్పుడే ఆమె కంటపడ్డాయి.

"పెద్దమ్మా, ఇదేంది? కాళ్ళు గిట్ల ఉబ్బినయి!"

"చలికి బిడ్డా."

"చలికెవలికన్న ఉబ్బుతయా? నడువు, దవాఖానకు పోదాం."

కంపెనీ దవాఖాన కార్డులో లింగవ్వ పేరు లేదు. సహస్ర ఆమెను స్కూటీ మీద ఎక్కించుకుని సర్కారు బస్తీ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చిన్న వయసుది. పాదం నొక్కి చూసింది. కంటి రెప్ప కిందికి లాగి చూసింది. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"ఏం తింటవ్ అవ్వా?"

"అన్నం. పచ్చిపులుసు. ఉంటే చారు."

"పప్పు? గుడ్లు? చికెన్?"

లింగవ్వ నవ్వింది.

"ఒంట్ల ప్రోటీన్ లేనట్టున్నది, రక్తం గూడ లేదు. రోజు గుడ్డు తినాలె. గుండె చప్పుడు గూడ నాకు మంచిగనిపిస్తలేదు. రేపే పెద్ద దవాఖానకు పోయి పరీక్షలు చేయించుకోవాలె."

అంత మాటలో లింగవ్వకు తెలిసింది ఒకటే. ఆమె మొహం విప్పారింది.

"ప్రోటీనా? మా ఇంట్ల బస్తెడున్నది బిడ్డా. కోళ్ళకు నేనే పెడ్త."

డాక్టరమ్మ రాయడం ఆపి సహస్ర వైపు చూసింది. సహస్ర తల దించుకుని, బండి తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది.

ఇంటికి రాగానే సహస్ర వంటింటి గుమ్మంలో నిలబడి గట్టిగానే చెప్పింది. "అమ్మా, ఇయ్యాలటి సంది పెద్దమ్మకు గుడ్డు పెట్టు. రేపు పెద్ద దవాఖానకు నేను తీస్కపోత."

జమున చేతిలో చాట కింద పెట్టింది. "పెట్టనన్ననా? ఇన్నొద్దులు నోరిడిసి అడిగిందా? ఎదురింటోళ్ళకు ఇస్తనని ఇయ్యాలటియి తీసి పెట్టిన. రేపటి సంది తిననియ్యి, నేనొద్దంటనా?"

"అట్లనే తియ్యి చెల్లె, రేపటి సంది తింట," అంది లింగవ్వ. తన కోసం ఇంట్లో మాటలు పెరగడం ఆమెకు కాళ్ళ వాపు కంటే ఇబ్బందిగా ఉంది.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి రేకులు గలగలలాడాయి. దుమ్ము సద్దుమణిగాక పోశం వచ్చాడు. బట్టలైనా మార్చుకోకుండా వెనక్కి వచ్చి, ఎర్రపుంజును రెక్కల కింద పట్టి పైకెత్తి బరువు చూశాడు. మొహంలో తృప్తి కనబడింది.

"ఆదివారం దాక ఇట్లనే వెయ్యి వదినె. ఇంకింత తూకం రావాలె."

"ఆదివారం ఏమున్నది?"

"నా రిటైర్మెంట్ దావత్. యూనియనోళ్ళు, దోస్తులు అందరు వస్తరు. వాళ్ళకు బాయిలర్ కోడి పెడితే ఇజ్జత్ ఉంటదా? నాటుకోళ్ళు, అయి గూడ కండ పట్టినయి. అందుకే గద దాణ తెచ్చిన."

"అన్ని కోస్తవా?"

"కొయ్యక? క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. కరీంనగర్ల కొన్న మనిల్లు మీది అంతస్తుల. ఆడ కోళ్ళేడుంటయి?"

లింగవ్వ పుంజునే చూస్తూ అడిగింది. "మరి నేను?"

పోశం పుంజును నేల మీద వదిలాడు. అది రెక్కలు విదిలించుకుని పోయింది.

"నువ్వు కొన్నొద్దులు బెల్లంపల్లిల మీ చెల్లెలింట్ల ఉండు. ఫికర్ చెయ్యకు. మేం కుదురుకున్నంక తీసుకపోత."

చెల్లెలు చనిపోయి చాలా ఏళ్ళైంది. దహనానికి పోశం కూడా వచ్చాడు, పాడె కూడా మోశాడు. ఆ మాట గుర్తు చేస్తే అతను ఏమంటాడో వినాలనిపించలేదు ఆమెకు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చేసింది.

"పోశం, ఆ నౌకరి మీ అన్నది."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె ఒక్కసారీ అనలేదు. పోశం మెడ మీది చెమటను తువ్వాలతో తుడుచుకున్నాడు. "ఎరికే వదినె. ఇప్పుడెందుకా ముచ్చట?" అని స్నానానికి వెళ్ళిపోయాడు. లోపల బకెట్టు చప్పుడు, అతని దగ్గు వినబడ్డాయి. కోపం వచ్చినట్టు కూడా లేదు. అదే ఆమెకు ఎక్కువ తగిలింది.

సాయంత్రం లింగవ్వ దాణా బస్తా మూతి బిగించి కట్టి, మంచం కిందికి తోసింది. పాత డబ్బా అడుగున మిగిలిన నూకలు తెచ్చి వాకిట్లో చల్లింది. తూకం రావద్దు. బక్కచిక్కిన కోళ్ళను ఎవరు దావత్‌లో పెట్టుకుంటారు?

పెట్టలు ఉరికి వచ్చాయి. నూకలను ముక్కుతో చెదరగొట్టి, కాలితో గీరి, తలలెత్తి ఆమె వైపు చూశాయి. ఒక్కటీ తినలేదు. తిరిగి ఆమె చుట్టూ మూగి అరవసాగాయి. పుంజు దగ్గరికొచ్చి ఉబ్బిన పాదం మీద ఒక్క పోటు పొడిచింది.

"మీ నోట్ల మన్నువడ! నూకల రుచి అప్పుడే మర్సినరా? మీకు గూడ బలుపెక్కిందా?"

అరిచేసరికి ఆయాసం వచ్చింది. మెట్టు మీద కూలబడింది. కోళ్ళు ఆమె ఒళ్ళో చేతులు, కొంగు, మోకాళ్ళు అన్నీ వెతికాయి. చీకటి పడితే వాటికి చూపు ఆనదు, ఆకలితోనే గూట్లోకి పోతాయి. ఎవరినైనా ఆకలితో పడుకోబెట్టడం ఆమెకు చేతకాదు. కాసేపటికి లేచి, మంచం కింద నుంచి బస్తా ఈడ్చి మూతి విప్పింది.

పొద్దున సహస్ర పరుగుకు పోవడానికి వెనక్కి వచ్చేసరికి గూటి పలక వేసే ఉంది. లోపల కోళ్ళు గోల పెడుతున్నాయి. పిలిచింది. మళ్ళీ పిలిచింది. లింగవ్వ గోడ వైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, కాళ్ళను చీరలో దాచుకుని పడుకుని ఉంది. వేళ్ళ సందుల్లో దాణా పొడి అలాగే ఉంది. ఒళ్ళు చల్లబడింది.

జమున నిజంగానే ఏడ్చింది. "రేపటి సంది తింటనంటివి గదక్కా," అంటూ తల బాదుకుంది. డ్యూటీ బట్టల్లోనే ఉన్న పోశం మెట్టు మీద కూర్చుండిపోయాడు. వాకిలి మనుషులతో నిండింది. పక్క క్వార్టర్ సదానందం అతని భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగాడు. "ఆదివారం దావత్ ఎట్ల మరి, అన్నా?"

"దావత్ ఏడిది ఇగ," అన్నాడు పోశం. కాసేపు ముక్కు చీదుకుని, గూటి వైపు చూశాడు. "కోళ్ళెట్లనన్న ఉన్నయి. దినాలకు అయితయి."

సహస్ర తండ్రి మొహంలోకి చూసింది. కొట్టంలోకి వెళ్ళి పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

అంతలో నల్లా వచ్చింది. కాలనీలో ఆడవాళ్ళంతా ఆ వేళకు నీళ్ళు పట్టుకునే హడావిడిలో ఉంటారు. ఇవాళ అందరూ ఇక్కడే, కొంగులు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. లింగవ్వ నిన్న పొద్దుగూకే ముందు తోమి నల్లా కింద పెట్టిన సత్తు బిందె అంచుదాకా నిండి, పొర్లి, వాకిలంతా తడుపుతూ, పక్కకు జరిపేవాళ్ళు లేక అక్కడే ఉంది.