నెయ్యి లేని కూర

మా దమన్‌హూర్ పట్నంలో కూర రెండు రకాలుగా వండుతారు. మనుషులు తినే కూరకి ముందు నెయ్యి కాగాలి, ఉల్లిపాయ ఎర్రబడాలి, టమాటా దగ్గరపడి అంచుల్లో నెయ్యి తేలాలి. రెండోది రోగుల కూర. దాన్ని పచ్చిలో పచ్చి అంటాం. కాయలు, టమాటా, ఉల్లి, వెల్లుల్లి అన్నీ పచ్చివే గిన్నెలో పడేసి, మూతపెట్టి, వాటి నీళ్ళలోనే ఉడకనివ్వడం. నలభై ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని, ఆ రెండో కూర పేరెత్తితేనే నాకు ఒళ్ళు మంట. అలాంటిది మా అమ్మాయి నష్వా కోసం ఎనిమిది వారాలు రోజూ అదే వండాను. వండానని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు.

మా ఆయన మిత్‌వల్లి హాజీకి పాత కామెర్ల జబ్బు ముదిరి కాలేయం ఎందుకూ పనికిరాకుండా పోయింది. సొంతవాళ్ళెవరైనా తమ కాలేయంలో ముక్క ఇస్తే తప్ప ఏడాది గడవదన్నాడు డాక్టరు. మా అబ్బాయి ఇసామ్ రక్తం కలవలేదు. నష్వాది కలిసింది. కానీ నష్వా తొంభై రెండు కిలోలు. స్కాన్ తీస్తే దాని కాలేయం నిండా కొవ్వు. ఎనిమిది వారాల్లో పది కిలోలు తగ్గి కొవ్వు కరిగితే కోస్తాను, కరక్కపోతే కత్తి ముట్టుకోను అన్నాడు. నష్వా ఆ మాట పూర్తికాకముందే తలూపింది.

దానికి ముప్పై ఒక్కేళ్ళు. బడిలో లెక్కలు చెబుతుంది. తండ్రి ప్రాణాన్ని కూడా లెక్కలోకి దింపేసింది. రాత్రి భోజనం నాలుగు వందల కేలరీలు దాటకూడదని గోడకి కాగితం అంటించింది. పొద్దున్నే కూరగాయలు త్రాసులో తూచి బల్లమీద పెట్టి బడికి పోయేది. శనివారం లేత సొరకాయలాంటి కూసా కాయలు, ఆదివారం పాలకూరలో గుప్పెడు శనగలు, సోమవారం కాల్చిన వంకాయ పెరుగుతో, మంగళవారం మొలోఖియా ఆకు పులుసు, మిగతా రోజుల్లో బెండకాయ, పప్పు చారు. రొట్టె సగం. నెయ్యి సున్నా. తూచడం దాని పని, వండడం నా పని. బడి నుంచి వచ్చి, పొద్దున తను తూచినదే పళ్ళెంలో ఉందన్న నమ్మకంతో తినేది. అమ్మ చేతిని అనుమానించడం మా ఇళ్ళలో ఎవరూ నేర్పరు.

మొదటి రెండు వారాలు నేను నిజాయితీగానే వండాను. మూడు కిలోలు తగ్గింది. ఆ రోజు హాజీ చాలాకాలానికి నవ్వాడు. పచ్చబడిన కళ్ళతో కూతుర్ని చూసి, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే గాలికి ఎగిరిపోతావు, కాళ్ళకి రాళ్ళు కట్టుకో అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. అబద్ధం చెప్పను, ఆయన్ని పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

మర్నాడు కింద వాటాలో ఉండే రౌహియా మమ్మల్ని చూడవచ్చింది. ఆమె కొడుకు హానీ తన మేనమామకి కాలేయం ఇచ్చాడు. మేనమామ ఇవాళ్టికీ కాఫీ కొట్టు ముందు కూర్చుని పేకాడుతున్నాడు. హానీ కోసిన పన్నెండో రోజున పోయాడు. ఎవరి తప్పూ లేదని, వందకో రెండు వందలకో ఒకరికి అలా అవుతుందని అన్నారు. ఆ ఒక్కడు వాడయ్యాడు. రౌహియా మమ్మల్ని భయపెట్టే మాట ఒక్కటీ అనలేదు. ఆపరేషను ఎప్పుడని అడిగింది, నష్వా తల నిమిరింది, నుదుటిమీద ముద్దుపెట్టుకుంది. పెట్టుకుని వదల్లేకపోయింది. నేను ఆమె చేతులు పట్టుకుని విడిపించాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం మొలోఖియాలో రెండు చెంచాల గేదె నెయ్యి వేశాను.

ఎలా దాచానని అడుగుతారేమో. వంట వచ్చినదానికి అదొక పెద్ద పనా? మొలోఖియా చిక్కటి పులుసు, ఏం పోసినా మింగేస్తుంది. పప్పు మెత్తగా మెదిపి కలిపితే ఆనవాలు ఉండదు. వంకాయ అయితే చెప్పనే అక్కర్లేదు. రెండు చెంచాలు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. ఈ రోజు కూర ఎంత బాగుందో అనేది నష్వా. టమాటాలు బాగా పండాయిలే అనేదాన్ని. గొంతు వణకలేదు. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

బరువు ఆగిపోయింది. నష్వా కంగారుపడి రొట్టె మానేసింది, తర్వాత పెరుగు మానేసింది. బడి నుంచి కాలవ గట్టు వెంబడి నడిచి వచ్చేది. అది మానేసిన కొద్దీ నేను పోశాను. ఒక శుక్రవారం ఇసామ్ వచ్చి చెల్లెల్ని దులిపేశాడు.

“టీచర్ల గదిలో బస్‌బూసా మిఠాయి ముక్కలు ఎవరు మింగుతున్నారో మాకు తెలీదనుకున్నావా? అక్కడ నాన్న చచ్చిపోతున్నాడు. నువ్వు నోరు కట్టుకోలేవు.”

నష్వా ముఖం తెల్లబోయింది. తినలేదని ఒట్టు కూడా పెట్టలేదు. తనకి తెలియకుండానే ఎక్కడో తింటున్నానేమో అన్నట్టు నావైపు చూసింది. నేను గిన్నె కలుపుతూ నిలబడ్డాను.

ఆరో వారంలో హాజీ నోరు చప్పబడిందని, కూతురి పళ్ళెంలోంచి ఒక చెంచా కూర తీసుకున్నాడు. ఆయన మా ఊరి నెయ్యి వాసన మూడు వీధుల అవతలి నుంచి పట్టగలడు. నోట్లో పెట్టుకుని కాసేపు మింగలేదు. తర్వాత నావైపు చూశాడు. ఆయన పళ్ళెం మెల్లగా నష్వా ముందుకి జరిపాడు.

“తిను తల్లీ. మీ అమ్మ కష్టపడి వండింది, మిగల్చకు,” అన్నాడు.

దాని గురించి నాతో ఒక్క మాటైనా అనలేదు. నేనూ ఎత్తలేదు. ఆ రోజు నుంచి తన మందులు నా చేత్తోనే ఇమ్మనేవాడు, ఇచ్చినప్పుడు నా వేళ్ళు కాసేపు పట్టుకునేవాడు.

ఎనిమిదో వారం స్కాన్ తీశారు. కొవ్వు అలాగే ఉంది. డాక్టరు కాగితాలు మూసేశాడు. మరో ఎనిమిది వారాలు ఆగేంత వ్యవధి హాజీకి లేదు. రంజాన్ నెలవంక ఇంకా కనబడకముందే రక్తం కక్కుకుని పోయాడు.

ఆయన్ని పాతిపెట్టి వచ్చాక కూతురు నాకు మిగిలిందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి. నష్వా పచ్చిలో పచ్చి మానలేదు. ఈసారి తనే తూచి, తనే వండుకునేది. మూడు వందల కేలరీలు, రెండు వందలు, ఆ తర్వాత నాలుగు కూసా ముక్కలు. తొంభైకి అటూ ఇటూ ఉన్న పిల్ల ఏడాది తిరక్కుండా నలభై తొమ్మిదికి దిగింది. జుట్టు రాలిపోయింది. అప్పుడు కట్టుకోలేని నోరు ఇప్పుడు కట్టుకుంటున్నానని అనేది. నేను బతిమాలాను, తిట్టాను, మసీదు షేకు గారితో చెప్పించాను. గాలికి చెప్పినట్టే.

వసంతంలో ఒకరోజు తరగతి గదిలో పడిపోయింది. గుండె బలహీనపడిందని, ఇలాగే పోతే ఎంతోకాలం లాగదని డాక్టరు చెప్పాడు. కత్తికి ఇవ్వకుండా దాచుకున్న బిడ్డ నా కళ్ళముందే కరిగిపోతోంది. ఆ సాయంత్రం నేను కూసా కూర వండి దాని ముందు పెట్టాను. అది రెండు ముక్కలు వేసుకుని గిన్నె నావైపు తోసింది. అప్పుడు చెప్పేశాను.

“నువ్వు నోరు కట్టుకున్నావే. నేనే కట్టనివ్వలేదు. రోజూ నీ కూరలో నెయ్యి పోశాను.”

ఎన్నాళ్ళు పోశావని అడిగింది నష్వా. ఆరు వారాలన్నాను. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే హానీ పేరు చెప్పేదాన్ని.

“నాన్నకి తెలుసా?” అంది.

తెలుసని చెబితే సగం భారం తగ్గేది నాకు. ఆయన కూడా నిన్నే ఎంచుకున్నాడని చెప్పచ్చు. కానీ అప్పుడు దానికి తండ్రి కూడా మిగలడు. నన్ను చూసినట్టే ఆయన సమాధిని చూస్తుంది.

“తెలీదు,” అన్నాను. “స్కాన్ తీసేదాకా నువ్వు ఇస్తావనే అనుకున్నాడు.”

నష్వా గిన్నె దగ్గరికి లాక్కుంది. రొట్టె అందుకుని, ముంచుకుని, తినడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే తింది. గిన్నె అడుగు తుడిచి మరీ తింది. ఆ తర్వాత చేతులు కడుక్కుని లోపలికి పోయి పెట్టె సర్దుకుంది. తెల్లారాక ఇసామ్ ఇంటికి వెళ్ళిపోయింది. అన్నకి ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే వాడు నా గడప తొక్కేవాడు కాదు.

ఇప్పుడు అరవై ఎనిమిది కిలోలట. బుగ్గలు నిండాయి, జుట్టు వచ్చింది. వదిన చేతి వంట ఇష్టంగా తింటుందని ఇసామ్ చెబుతుంటే విని సంతోషిస్తాను. నిజంగానే సంతోషిస్తాను. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక వస్తుంది. పళ్ళు తెస్తుంది, నా చెయ్యి ముద్దుపెట్టుకుంటుంది, కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతుంది. పళ్ళెం పెట్టనా తల్లీ అంటే, తినే వచ్చానమ్మా అంటుంది. నేను మళ్ళీ అడగను.