రెండో మెయిల్లో పాస్‌వర్డ్

కూతురు కొతొనె చదివే కిండర్‌గార్టెన్ తల్లుల సంఘంలో మిజుహొకి ఫోటోల పని అప్పగించారు. పిల్లల ఫోటోలన్నీ క్లౌడ్‌లో ఒకే ఫోల్డర్లో ఉంటాయి. లింకు ఒక మెయిల్లో, పాస్‌వర్డ్ వెంటనే ఇంకో మెయిల్లో, అదే మనుషులకి వెళ్తాయి. తాళం ఇచ్చిన చేతికే ఆ వెంటే తాళంచెవి ఇవ్వడం ఏం భద్రతో ఆమెకి అంతుపట్టలేదు. ఆఫీసుల్లో అలాగే చేస్తారని తల్లులూ అలాగే చేస్తున్నారు.

సోమవారం పొద్దున బస్సు వెళ్ళిపోయాక సత్సుకి ఆమెను పక్కకి పిలిచింది. కొట్టే మొగుణ్ణి వదిలి, కొడుకు ఇబుకితో నది అవతలికి ఇల్లు మారిన మనిషి. అతనికి బడి తెలుసు, కొత్త ఇల్లు తెలియదు.

"కొతొనె వాళ్ళమ్మగారూ, బస్ స్టాపు ఫోటోలు కూడా అందులోనే పెట్టారా?"

"పెట్టాం. కింద స్టాపు పేరు కూడా వేశాం."

"ఆయనకి పోయినేడు లింకు వచ్చింది. అదింకా తెరుచుకుంటుందా?"

"ఈ ఏడు పాస్‌వర్డ్ పెట్టాంగా," అంది మిజుహొ. అన్నాక ఆ మాట తనకే నచ్చలేదు.

ఇంటికొచ్చి బియ్యం నానబోసి, ఆ కంపెనీ సహాయం పేజీలు తెరిచింది. 'భద్రత' పేజీ 'పంచుకోవడం' పేజీని చూడమంది. అది 'నిర్వాహకులకు' పేజీకి పంపింది. అక్కణ్ణించి మళ్ళీ 'భద్రత'కే. ప్రతి పేజీ నెత్తిన ఒక మేఘం బొమ్మ పళ్ళికిలిస్తోంది. అన్నిటికీ అడుగున చీమతలంత అక్షరాల్లో దొరికింది: పాస్‌వర్డ్ పెట్టకముందు ఇచ్చిన లింకులకు అది వర్తించదు, వాటిని విడిగా రద్దు చేసుకోవాలి. ఎవరు తెరిచారో చూడాలంటే ఖరీదైన పథకం తీసుకోవాలి.

పాత లింకు నొక్కింది. ఏమీ అడక్కుండా తెరుచుకుంది. బడి పిల్లలందరూ పెట్టుకునే పసుప్పచ్చ టోపీలో ఇబుకి, కింద 'రెండో వంతెన' అని స్టాపు పేరు. ఆ పేరు చూస్తే చాలు, వాళ్ళ కొత్త ఇల్లు ఎటుందో తెలిసిపోతుంది.

లింకు రద్దుచేసే అధికారం అధ్యక్షురాలు తొకుదాది. మధ్యాహ్నం సమావేశంలో మిజుహొ ఫోను ఆవిడ ముందు పెట్టింది.

"పోయినేటి లింకండీ. పాస్‌వర్డే అడగలేదు."

"అబ్బ, ఎంత ఓపిగ్గా చదివారండీ. నాకైతే రెండో లైనుకే కునుకొస్తుంది." తల్లులందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. "వచ్చే సమావేశంలో మాట్లాడుకుందామా? పోయినేటివాళ్ళు ఏమనుకుంటారో."

"అప్పటిదాకా ఇబుకినీ వాళ్ళమ్మనీ ఎక్కడ దాచమంటారు?"

నవ్వులు ఆగాయి. తొకుదా పెదవి బిగించి అందరి ముందే పాత లింకు రద్దు చేసింది. మిజుహొ మూడుసార్లు నొక్కి చూసింది. తెరుచుకోలేదు.

సాయంత్రం పులుసు కలుపుతుంటే తొకుదా మెయిల్ వచ్చింది. 'పాత లింకు ఆగినందుకు మన్నించండి. కొత్తది ఇదిగో.' పోయినేటివాళ్ళకీ ఈ ఏటివాళ్ళకీ కలిపి పంపింది. పేర్ల మధ్య అతని పేరు. గరిటె కింద పెట్టేలోగా రెండో మెయిల్లో పాస్‌వర్డూ వచ్చింది.

"మర్యాదకి పంపానండీ," అంది తొకుదా ఫోన్లో. "కొందరికే పంపితే ఏం బాగుంటుంది? అయినా నేను జాగ్రత్తగానే ఉన్నాను. పాస్‌వర్డు విడిగానే పంపానుగా."

మిజుహొ ఆవిణ్ణి లైన్లోనే ఉంచి, లింకు ఆపించి, ఆ ఫోటోని ఫోల్డర్లోంచి తీసేయించింది. తర్వాత సత్సుకికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"చూశాడో లేదో తెలుస్తుందా?"

"తెలియదు. డబ్బు కట్టినవాళ్ళకే చెబుతారట."

"అయితే మళ్ళీ సామాన్లు సర్దుకోవాలి," అంది సత్సుకి.

ఆ వారంలోనే రెండో వంతెన దగ్గర పసుప్పచ్చ టోపీ ఒకటి తగ్గింది. తొకుదా మంచి కాగితంలో చుట్టిన రెండు మిఠాయి పెట్టెలతో వచ్చి, నడుం దాకా వంగింది.

"ఒకటి మీకు. ఒకటి ఇబుకి వాళ్ళమ్మకి. ఆవిడ కొత్త అడ్రసు మెయిల్ చేస్తారా? క్షమాపణ ఉత్తరం పెట్టి పంపిస్తాను."

మిజుహొ ఆ రెండు పెట్టెల్నీ వెనక్కి, ఆవిడ చేతుల్లోకే నెట్టింది.

"చెయ్యను," అంది.