సాయంత్రపు బెలూన్

బెలూన్ మెడను ఎడంచేత్తో పట్టుకుని కృష్ణకుమారి గ్యాస్ తిప్పింది. బల్లమీద ముడుచుకుని పడుకున్న తెల్లటి రబ్బరు మెల్లగా ఒళ్ళు విరుచుకుని షెడ్డు కప్పు వైపు లేచింది. బయట టెక్సస్ ఆకాశం ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఈ వేళంటే ఆవిడకి ఇష్టం. బెలూన్ నిండుతున్నంతసేపూ లోకంలో ఎవరికీ తనతో పనుండదు.

మెడకి దారం కట్టింది. దారానికి ఎర్ర పారాచూట్, దాని కింద గాలినీ చలినీ తేమనీ కొలిచే తెల్లటి డబ్బా. అప్పుడు కిటికీ గట్టుమీదున్న వెండి భరిణె మూత తీసి, ఉంగరపు వేలు తడిచేసుకుని, డబ్బా మూలన కుంకుమ బొట్టు పెట్టింది. ఇంటికొచ్చిన కొత్త కారుకే పెడతామే, అంతెత్తుకి ఒంటరిగా పోయేదాన్ని బోసి మొహంతో ఎలా పంపుతాం?

ఈ వాతావరణ ఆఫీసులో చేరిన కొత్తలో బాస్ డేల్ సెన్సర్లు పాడవుతాయని కంగారుపడ్డాడు. వాటికి తగలకుండా పెడుతుందని చూశాక ఊరుకున్నాడు కానీ, వేళాకోళం మాత్రం మానలేదు. ఒకసారి ఆ డబ్బా ఎవరి పొలంలోనో పడితే, ఆ రైతు ఫోన్ చేసి దీనికి రక్తం అంటుకుంది, పక్షినేమైనా గుద్దిందా అని అడిగాడు. "కాదు, అది మా క్రిష్ పని," అన్నాడట డేల్.

ఆవిడ బెలూన్‌ని బయటికి తెచ్చి, రెండు చేతులూ పైకెత్తి వదిలింది.

"వెళ్ళిరా అమ్మా," అంది. పైకెక్కాక అది పగిలిపోతుందని, తిరిగిరాదని తెలుసు. అయినా వట్టినే వెళ్ళమనడానికి నోరెలా వస్తుంది?

కొత్త అధ్యక్షుడొచ్చాక, సర్కారులో దండగ మనుషులు ఎక్కువైపోయారని పైవాళ్ళు తేల్చారు. తేల్చినవాళ్ళు ఈ షెడ్డు గడప తొక్కి ఎరగరు. కొత్తగా చేరిన కుర్రకారు ఒక్క ఈమెయిల్‌తో ఇళ్ళకి పోయారు. పాతవాళ్ళని మర్యాదగా అడిగారు: ఇప్పుడే తప్పుకుంటే ముందస్తు పెన్షన్, దాంతోపాటు ఇన్సూరెన్స్. ఉంటామంటే ఉండండి, తరవాత తీసేస్తే మా పూచీ లేదు. గడువు ఇవాళ్టితో సరి, ఒప్పుకుంటే పనికీ ఇదే ఆఖరు రోజు. ఆఫీసులో ఇంకొక్క మనిషి తగ్గితే పొద్దుటి బెలూన్ మాత్రమే ఉంటుంది, సాయంత్రపుది ఆపేస్తారు. అదీ టోర్నడోల కాలంలో.

మధ్యాహ్నం కాపెల్ ఊళ్ళోని ఇంటికొచ్చేసరికి భర్త భీమశంకరం కంచాలు పెట్టి కూర్చున్నాడు. ఆయనకి గుండె కవాటం మార్చాలన్నారు డాక్టర్లు. ఆ ఆపరేషన్‌కి ఆవిడ ఇన్సూరెన్సే దిక్కు.

"నా కోసమని రిజైన్ చెయ్యకు కుమారీ. వేరే ప్లాన్ ఏదో చూసుకుందాం."

"ఏం చూస్తామండీ? ఇన్సూరెన్స్ లేకపోతే ఆ సర్జన్ అపాయింట్‌మెంట్ కూడా ఇవ్వడు."

"నీకా బెలూన్లంటే ప్రాణం కదే."

"ప్రాణం సంగతి మీరు మాట్లాడకండి. ముందు చారు పోసుకోండి."

ఈ దేశం వచ్చిన కొత్తలో ఆవిడ వీసాకి ఉద్యోగం చేసే హక్కు లేదు. ఆయన ఆఫీసుకి వెళ్ళిపోతే అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని మబ్బుల్ని చూడటమే పని. ఏళ్ళకేళ్ళు చూసింది. చూసి చూసి, అవి ఎక్కడికి పోతాయో తెలుసుకోవాలనిపించింది. కాయితాలన్నీ వచ్చాక కాలేజీలో చేరి చదివింది. షెడ్డు తాళం చేతికిచ్చిన రోజు ఇంటికొచ్చి, నా మబ్బులకి జీతమిస్తారటండీ అని నవ్వింది. ఆ నవ్వు భీమశంకరానికి ఇప్పటికీ గుర్తే.

అన్నాలయ్యాక లాప్‌టాప్ తెరిచి, ఒప్పుకుంటున్నానన్న బటన్ నొక్కేసింది. థాంక్యూ అంది స్క్రీన్. వెళ్ళి పడుకుంటే కునుకు పట్టింది. కలలో, తను వదిలిన బెలూన్లన్నీ ఆకాశంలో ఒకచోట చేరి ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు. పేరంటానికొచ్చిన ముత్తయిదువల్లా బొట్లతో మెరుస్తూ, నీ చోటిదిగో అన్నట్టు జరిగి కూర్చుంటున్నాయి.

సాయంత్రానికి పడమట మబ్బు పట్టింది. గాలి ఎక్కువగా ఉందని డేల్ కూడా షెడ్డుకొచ్చాడు. బెలూన్ నిండింది, దారం కట్టింది, పారాచూట్ కట్టింది, డబ్బా కట్టింది. రెండు చేతులా పట్టుకుని బయటికి నడిచింది. వదలబోతుంటే వెనకనుంచి డేల్ అన్నాడు:

"క్రిష్, రెడ్ డాట్?"

ఆవిడ డబ్బావైపు చూసింది, మూల బోసిగా ఉంది. ఇన్నేళ్ళలో ఏనాడూ మరిచిపోలేదు. ఇంట్లో ఆయన గుండె అలా ఉంటే, ఇవాళే మరిచిపోయింది. లోపలికి వెళదామంటే గాలికి బెలూన్ గుంజేస్తోంది.

"ఉండు, ఉండు," అంటూ డేల్ ఆ భారీ శరీరంతో లోపలికి పరిగెత్తి భరిణె తెచ్చాడు. ఏ వేలో ఎలాగో తెలియక, బొటనవేలు ఉమ్మితో తడిపి, భరిణెలో నొక్కి, డబ్బామీద అద్దాడు. బొట్టు వంకరగా అర్ధరూపాయంత అయింది.

"ఎక్కువైందా?"

"సరిపోయింది," అంది. కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోనూ లేదు. "వెళ్ళిరా అమ్మా," అని చేతులు విడిచింది.

మబ్బులో కలిసేదాకా ఇద్దరూ తలెత్తి చూశారు. డేల్ భరిణెను తీసుకెళ్ళి దాని చోట పెట్టేశాడు. ఆవిడ బ్యాడ్జీ, తాళం అతని చేతికిచ్చి, రోజూ అనే మాటే అంది: "ఐ విల్ గో అండ్ కమ్, డేల్." రోజూ ఆ ఇంగ్లీషుకి నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు, సరేనని తలూపాడు.

సగం దారిలో భరిణె గుర్తొచ్చింది. పెళ్ళికి అమ్మ ఇచ్చింది. వెనక్కి తిరుగుదామని సిగ్నల్ వేసింది. పొద్దుటి బెలూన్ ఇంకా ఉందిగా, దానికి బొట్టొద్దూ, అనుకుంది. సిగ్నల్ ఆపేసి, ఆయన ఎదురుచూస్తున్న ఇంటివైపు పోనిచ్చింది.

షెడ్డులో కిటికీ గట్టుమీద భరిణె మూత తీసే ఉంది. కుంకుమలో సన్నటి ఉంగరపు వేలి గుంట, దాని పక్కనే పెద్ద బొటనవేలి గుంట.