వెనక్కి వెళ్లే చోటు

"ఏమీ లేవు, చూశావా?" అన్నాడు నా భర్త తలాంత్. అప్పటికి ఒక కాలికే సాక్సు ఉంది, రెండోది చేతిలో ఉంది. నేను అతని టీ గిన్నె నింపుతూ తెరవైపు చూశాను. రష్యన్‌లో ఒకే వాక్యం: ఈ కంప్యూటర్‌లో రీస్టోర్ పాయింట్లు ఏవీ లేవు. "నేను చెప్పలేదూ? నువ్వు పెట్టానంటావు, అది లేవంటుంది. నిన్ను నమ్మాలా, మిషన్ను నమ్మాలా?" అని నవ్వి, రెండో సాక్సు వేసుకుని పనికి వెళ్లిపోయాడు. గిన్నెలో టీ అలాగే ఉంది. దాన్ని పారబోయడం కూడా నా పనే.

సోమవారం మా బజారుకు సెలవు. బజారుకు సెలవంటే నాకు ఇంటి పని. బిష్కెక్ శివారులోని ఈ ఇంట్లో నేను తెల్లవారగానే లేచి రొట్టెల పిండి కలుపుతాను, ఆవు పాలు పిండుతాను, అందరికీ టీ పోస్తాను, తర్వాత బజారుకు పోయి ముఖమల్ బొంతలు అమ్ముతాను. ఆ బొంతల మీద పొట్టేలు కొమ్ముల్లాంటి ముగ్గులు కుట్టేది మిషను, దానికి ముగ్గు చెప్పేది కంప్యూటరు. బజారు వాళ్లకు నా ముగ్గులు దూరం నుంచే తెలుస్తాయి. ఈ ఇంట్లో పూర్తిగా నాదని చెప్పుకోదగ్గ సరుకు అదొక్కటే. మా మరిది ఎల్దార్ శనివారం ఏదో ఆట ఎక్కించాడు. అప్పటి నుంచి కంప్యూటరు మిషన్ను గుర్తుపట్టడం మానేసింది. కుట్టు ప్రోగ్రాం తెరవగానే మూసుకుపోతోంది. దాని డిస్కు ఇచ్చిన వ్యాపారి దుకాణం ఎత్తేసి ఎప్పుడో వెళ్లిపోయాడు. శుక్రవారానికి ఒక పెళ్లికూతురి తల్లికి బొంతలు ఇస్తానని మాట ఇచ్చాను. మా వ్యాపారంలో ఒక తల్లిని పోగొట్టుకుంటే ఆమె చెల్లెళ్లనూ వియ్యపురాళ్లనూ కూడా పోగొట్టుకున్నట్టే.

ఇలాంటి రోజు వస్తుందని నాకు ముందే తెలుసు. కంప్యూటరు బాగా నడుస్తున్న రోజున ఈ స్థితిని గుర్తుపెట్టుకో అని చెబితే, చెడిన రోజున అది మళ్లీ అక్కడికే తీసుకెళ్తుంది. ఆ గుర్తునే రీస్టోర్ పాయింటు అంటారు. నాకు నేర్పింది చోల్పోన్ అక్క. బజార్లో నా కొట్టు వెనక వరసలో కంప్యూటర్లు బాగుచేస్తుంది. కొత్త ముగ్గు కుదిరినప్పుడల్లా ఒక పాయింటు పెట్టించుకున్నాను. పెట్టించుకున్నాను అనే అనాలి, ఎందుకంటే అలాంటి ఏ పనికైనా కంప్యూటరు పాస్‌వర్డ్ అడుగుతుంది, పాస్‌వర్డేమో మామయ్య పేరు.

మాలో కోడలు మామగారి పేరు పలకదు. ఆయన పేరుకు అర్థం ఇనుము. అందుకని పెళ్లయిన దగ్గర్నుంచీ నా నోట ఇనుము అనే మాటే లేదు, "గట్టిది" ఉంది. గట్టి పెనం, గట్టి మేకు, గట్టి తలుపు. పలకకూడని పేరును వేళ్లతో మాత్రం ఎలా కొడతాను? తలాంత్ ఈ పాస్‌వర్డ్ పెట్టిన రోజు తన తెలివికి తనే మురిసిపోయాడు. "దీన్ని మా ఆవిడ నోటితో పలకకూడదు, ఇక బజార్లో ఎవరికి చెబుతుంది? ఇంతకన్నా మంచి తాళం ఏ కొట్లో దొరుకుతుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. టీ పోస్తూ నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఎంత ఖరీదో అప్పుడు లెక్క వేసుకోలేదు. ఆ తర్వాత ప్రతిసారీ చేతులు తుడుచుకుని, మగవాళ్లు తీరికయ్యేదాకా నిలబడి, "ఒక్కసారి వచ్చి కొట్టిపెట్టండి" అని అడగాల్సి వచ్చింది.

చోల్పోన్ అక్కకు ఫోను చేశాను.

"బురుల్! సెలవు రోజు కూడా వదలవా నన్ను?" అంది. నా పేరు వినాలంటే నాకు బజారే దిక్కు. ఇంట్లో నేను కోడలిని, వదినను, పిల్లల తల్లిని, ఎక్కువసార్లు "ఇదిగో"ను.

సంగతి చెప్పాను. "పెట్టిన పాయింట్లు ఊరికే పోవు. ఎవరైనా రక్షణ ఆపేసి ఉండాలి. ఆపితే ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఆ సెట్టింగు తెరువు" అంది.

తెరవబోయాను. "పాస్‌వర్డ్ అడుగుతోంది అక్కా."

"తెలీదా?"

"తెలుసు."

"మరి కొట్టు."

"మామయ్య పేరు."

అక్క ఎంత నవ్విందంటే ఫోను చెవికి దూరంగా పెట్టాల్సి వచ్చింది. "నీ మొగుడు మామూలోడు కాదే! సరే, సాయంత్రం దాకా ఆగుతావా? నువ్వు ఆగుతావేమో గానీ పెళ్లి ఆగదు."

కొట్టాను. మొదటిసారి వేలు తడబడి తప్పు పడింది. గది ఎగువన, పెద్దలు కూర్చునే చోట, మెత్తల మీద కూర్చున్న అత్తయ్య కళ్లజోడు సర్దుకుంది. "ఏం చేస్తున్నావే?"

"తాళం తీస్తున్నాను అత్తయ్యా."

రెండోసారికి తెరుచుకుంది. ఇంటి కప్పు కూలలేదు. తెర మీద డిస్కు పేరు, దాని పక్కన: రక్షణ ఆపివేయబడింది. అదే మాట పైకి చదివాను, అక్క కోసం.

బదులు అత్తయ్య నుంచి వచ్చింది. "ఓ, అదా! నా వేడుక వీడియోలకు చోటు చాలలేదు కదే. నీవేవో పాతవి పడున్నాయట, ఎందుకూ పనికిరానివి. అబ్బాయి తీసేశాడు. నీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. పొద్దున తలాంత్ ఆ వాక్యం చూపించి నవ్వాడు గానీ ఈ ముక్క చెప్పలేదు. అత్తయ్య డెబ్భయ్యో పుట్టినరోజు వేడుక అది. ఊరంతా వచ్చింది. ఆ వీడియోలు ఒకసారి చూశాను. అందరూ మాట్లాడారు, పాడారు, దీవెనలు ఇచ్చారు. నేను ఒకచోట కనిపించాను, మోచేతి దాకా. టీ పోస్తున్న చేయి.

"పోయినవి తేలేమా అక్కా?"

"తీసేసినవి రావమ్మా. దానికి మళ్లీ చోటు ఇస్తే ఇవాళ్టి నుంచి కొత్తవి పెట్టుకుంటుంది. పాతవి మాత్రం పోయినట్టే."

పెళ్లయిన మొదటి చలికాలంలో నేనొకసారి పుట్టింటికి వెళ్లిపోయాను. మా అమ్మ ఏడ్చింది, వేడి సూపు పోసింది, మర్నాడు పొద్దున్నే బస్సు ఎక్కించింది. నేను పడుకునే మూలలో అప్పటికే బంగాళదుంపల బస్తాలు పేర్చి ఉన్నాయి. ఎవరూ నన్ను వద్దనలేదు. చోటు మాత్రం లేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఆ బస్తాల మట్టి వాసన గుర్తొచ్చింది.

నష్టం వచ్చినప్పుడు దాని ముందు కూర్చుని ఏడ్చే వ్యాపారి మర్నాడు కొట్టు తెరవలేడు. పెళ్లికూతురి తల్లికి ఫోను చేసి, శుక్రవారానికి నా వల్ల కాదని చెప్పి, వేరే కొట్టు పేరు నేనే చెప్పాను. ఆమె చాలాసేపు తిట్టింది. విన్నాను. తర్వాత డిస్కు చూశాను, సందు లేకుండా నిండి ఉంది. వేడుక వీడియోలు రెండు చోట్ల ఉన్నాయి. తలాంత్ ఒకటికి రెండు నకళ్లు దాచుకున్నాడు, నావి ఒక్కటీ మిగల్చకుండా. ఒక నకలు తీసేశాను, రెండోది ఉంచాను. న్యాయంగానే చేశాను. వచ్చిన చోటును రీస్టోర్ పాయింట్లకు ఇచ్చాను. రక్షణ మళ్లీ నడిపించి ఒక కొత్త పాయింటు పెట్టాను. ఎవరినీ పిలవలేదు. ప్రోగ్రాం దొరికేదాకా చేత్తో కుడతాను. పెళ్లి కాకముందు నేను నేర్చింది చేతికుట్టే.

చివరగా ఇంకో పని చేశాను. పాస్‌వర్డ్ మార్చాను.

సాయంత్రం తలాంత్ వచ్చాడు. ఎల్దార్ అడిగిన కొత్త ఆట ఏదో ఎక్కించబోతే తాళం తెరుచుకోలేదు. "ఏమైంది దీనికి?" అన్నాడు.

"కొత్తది పెట్టాను" అన్నాను.

"నువ్వా? చెప్పు మరి."

"నువ్వూ మన ఇంట్లోవాళ్ల పేరే పెట్టావుగా. నేనూ అంతే. కనుక్కో చూద్దాం."

అతనికి పందెం లాంటిది ఏదైనా ఇష్టం. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాళ్ల అమ్మ పేరు కొట్టాడు. కొడుకు పేరు, కూతురి పేరు, ఎల్దార్ పేరు, ఎల్దార్‌కు పుట్టబోయే కొడుక్కి అనుకున్న పేరు కొట్టాడు. అత్తయ్య ఎగువ నుంచి చనిపోయిన తన ఆడపడుచు పేరు అందించింది. దానికీ తెరుచుకోలేదు. కుక్క పేరు కొట్టాడు.

నేను టీ కాచే సమోవార్ దగ్గర నుంచి లేచి, నా గిన్నె తెచ్చుకుని, అతని ఎదురుగా కూర్చున్నాను. టీ ఇంకా వేడిగా ఉంది.

"ఇంట్లో పేర్లన్నీ అయిపోయాయి" అన్నాడు తలాంత్.